బూడిద రంగు తోటలు

నేను వేసిన మొదటి పర్దాలో పొద్దు గుంకుతోంది. కుంకుమలాంటి ఆకాశం, దాని కింద పచ్చటి చెట్లు, ఆ చెట్ల కింద ఇంకాస్త ముదురు పచ్చటి నీడలు. హుస్నాబాద్‌లో ఒక ఫోటో స్టూడియో గోడకు దాన్ని వేలాడదీసిన రోజు నా అంతటివాడు లేడనుకున్నాను. దాని ముందు బెంచీ వేసి కొత్త జంటను కూర్చోబెట్టి ఫోటో తీశారు. కడిగి చూస్తే ఆకాశమూ లేదు, చెట్లూ లేవు. ఆ జంట వెనక ఎవరో తడి గోనెసంచి ఆరేసినట్టు ఒకటే నలుపు.

స్టూడియో సేటు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని కెమెరా మీద చెయ్యి వేశాడు. "తమ్మీ, నీ ఎరుపు, నీ పచ్చ గీ డబ్బాకు ఒక్కతీరుగనే కనవడ్తయి. దీనికి రంగులు తెల్వయి. వెలుగు, చీకటి, గంతే. నీకు పర్దలు ఎయ్యాలని ఉంటె బూడిదల ముంచి ఎయ్యి" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పర్దా చుట్టి భుజాన వేసుకుని, సేటు ఆగమన్నా వినకుండా బస్సెక్కాను. రంగు కోసమే కదా నేను బొమ్మలు వేసేది! మా ఊళ్లో రంగెక్కడుంది? మాది కరీంనగర్ జిల్లాలో మగ్గాల ఊరు. చేతిమగ్గాలు ఒక్కొక్కటే మూలపడి, కరెంటుతో నడిచే సాంచెలు వచ్చిన కాలం అది. నేను ఒక ఆసామి దగ్గర సాంచెలు నడిపేవాణ్ణి. పొద్దస్తమానం తెల్ల గుడ్డ. తెల్ల పడుగు, తెల్ల పేక, చెవులు దిబ్బడేసే చప్పుడు. ఆ చప్పుడులో మాట వినిపించదు గనక మేమంతా సైగలతో మాట్లాడుకునేవాళ్లం. నేను మాత్రం ఆ చప్పుడు మధ్యలో నిలబడి ఎక్కడెక్కడి తోటల్లోనో తిరిగి వచ్చేవాణ్ణి. పోగు తెగితే గాని ఈ లోకంలోకి వచ్చేవాణ్ణి కాను. ఆసామి తిట్టిన తిట్లలో సగం అందుకే.

చిన్నప్పుడు బొగ్గుతో గోడలు పాడుచేశాను. పెండ్లయ్యాక కాగితాలు పాడుచేస్తున్నానని నా భార్య గొణిగేది. "గా బొమ్మలు బువ్వ పెడ్తయా?" అనేది. నాకు కోపం వచ్చేది. ఆ కోపంలోంచే ఫోటో స్టూడియోల ఆలోచన పుట్టింది. పెండ్లయినవాళ్లు, పండుగకు కొత్త బట్టలు కట్టుకున్నవాళ్లు ఫోటో దిగాలంటే వెనక ఒక పర్దా ఉండాలి. ఆ పర్దాలు ఎక్కడో పెద్ద పట్నాల నుంచి వచ్చేవి. మనమెందుకు వేయకూడదు అనుకున్నాను. వేశాను. మసి వచ్చింది.

ఆ మసి నన్ను వదల్లేదు. సాంచెల దగ్గర నా పాళి పని ముగిశాక, ఇంటికి పోకుండా ఊరి బయటి కంచె బీళ్లలోకి పోయి కూర్చోవడం మొదలుపెట్టాను. సందెవేళ చూస్తుండండి ఒకసారి. ముందు ఎరుపు పోతుంది. తర్వాత పచ్చ పోతుంది. మోదుగు పూలు, పక్కనున్న వేప ఆకులు ఒకే రంగులోకి వస్తాయి. అప్పుడు కళ్లు సగం మూసి చూస్తే, చెట్టు చెట్టుగానే ఉంటుంది, నీళ్లు నీళ్లుగానే ఉంటాయి, కాని అన్నీ పొగతో చేసినట్టుంటాయి. పగలంతా నేను చూసే లోకం కంటే అదే బాగుందనిపించింది. చీకటి పడేదాకా అక్కడే ఉండి, ఏ ఆకు ఎంత తెల్లగా మిగిలిందో, ఏ బండ ఎంత నల్లగా మారిందో కళ్లలో పెట్టుకుని వచ్చేవాణ్ణి. నాకేదో గాలి సోకిందని వాడలో అనుకున్నారు. అనుకోనీ!

దీపం మసి, సుద్ద, జిగురు. అవే నా రంగులు. గుడ్డకు ముందు గంజి పట్టించాలి, అది మా కులవిద్యే గనక ఎవరూ నేర్పనక్కర్లేదు. చిక్కల్లా గుడ్డ పన్నాతోనే. ఒక గోడంత వెడల్పు గుడ్డ ఏ సాంచె మీదా రాదు. రెండు పన్నాలు కలిపి కుట్టాల్సిందే. ఆ కుట్టు ఫోటోలో గీతలా పడుతుంది. అందుకని కుట్టు ఉన్నచోట ఒక స్తంభం నిలబెట్టేవాణ్ణి. తర్వాత ఆ స్తంభానికి ఒక మేడ, మేడకు మెట్లు, మెట్ల కింద నీళ్లు, నీళ్లకవతల తోట. ఆ కుట్టు వంకతోనే అంత పెద్ద తోట పుట్టేది. రెండో పర్దా హుస్నాబాద్ తీసుకుపోతే సేటు ఈసారి నవ్వలేదు. ఫోటో కడిగి బయటికి తెచ్చి, "నీ తలకాయ! గీ తోట ఏడున్నది?" అని అడిగాడు.

నన్ను కన్న మా అవ్వ గురించి చెప్పాలి. నేను అడుగులు వేసే వయసులోనే మా బాపు జ్వరమొచ్చి పోయాడు. అప్పటి నుంచి అవ్వ కండెలు చుట్టి నన్ను సాకింది. రాట్నం ముందు కూర్చుంటే లేచేది కాదు. నోరు మాత్రం ఊరుకునేది కాదు, రాట్నం ఆగినా ఆమె మాట ఆగదు. కాని ఊళ్లో పెండ్లయితే ఆ నోరు మూతపడేది. పొద్దున్నే పోయి పసుపు దంచేదీ ఆమే, బియ్యం ఏరేదీ ఆమే, వందమందికి వండేదీ ఆమే. పెండ్లిపిల్ల బయటికొచ్చే వేళకు వెనక వాకిట్లోకి పోయి బోళ్లు తోముతూ కూర్చునేది. ఎదురు రాకూడదట. నా పెండ్లిలో కూడా అంతే. తలంబ్రాలప్పుడు నేను తల తిప్పి వెతికితే నీళ్ల గోలెం చాటున కొంగు మాత్రం కనిపించింది.

అవ్వ ఫోటో ఒక్కటీ లేదు. దిగమంటే దిగదు. "ఫోటోల దిగితె ఆయుష్షు గుంజుకుంటదట, నాకేమద్దు" అనేది. ఫోటో పర్దాలు వేసేవాడి ఇంట్లో తల్లి ఫోటో లేకపోవడం ఏం బాగుంటుంది చెప్పండి! బతిమాలాను, అలిగాను, అరిచాను. "నేను సచ్చినంక గోడకు తగిలిస్తందుకేనా గంత తొందర?" అని నా నోరు మూయించింది.

ఇలా ఉండగా బెల్లంపల్లి నుంచి కబురు వచ్చింది. బొగ్గుబాయిల ఊరు, నెలనెలా జీతాలున్న ఊరు. అక్కడి స్టూడియో యజమాని హుస్నాబాద్‌లో నా తోట చూశాడట. పెండ్లిళ్ల కాలం ముందుంది, పెద్ద పర్దా కావాలి, అది నచ్చితే మంచిర్యాల నుంచి కాగజ్‌నగర్ దాకా తన వాళ్ల స్టూడియోలన్నిటికీ నాతోనే వేయిస్తానన్నాడు. దానికి సాంచెల పని మానాలి, రెండు పడవల మీద కాళ్లు పెడితే కుదరదు. ఆసామికి చెప్పాను. "పో. గని మల్ల నా గడప ఎక్కకు. నీ జాగల ఇంకొకడు రేపే వస్తడు" అన్నాడు.  సాయంత్రం నా భార్య అన్నం పెడుతూ, "గీ పర్ద ఖరాబైతె మనం ఏం తింటం?" అని ఒక్కమాట అడిగింది. ఈసారి నాకు కోపం రాలేదు, భయమేసింది.

ఆ పర్దాను వాకిట్లో దడికి కట్టి వేశాను. మేడ, స్తంభాలు, మెట్లు, నీళ్లు అన్నీ అనుకున్నట్టు వచ్చాయి. మెట్ల మీద ఒకచోట మాత్రం జిగురు ఎక్కువై రంగు పొక్కులు లేచింది. ఎంత గీకినా మచ్చ పోలేదు. అక్కడ ఏదో ఒకటి దట్టంగా వేసి కప్పాలి. ఏం వేయాలా అని కుంచె పట్టుకుని నిలబడితే, ఎదురుగా వసారాలో అవ్వ కండెలు చుడుతోంది. ఒక చేత్తో చక్రం, ఒక చేత్తో పోగు, మొహం కాస్త పక్కకు తిప్పి ఎవరినో పిలవబోతున్నట్టు. ఆ తిరుగుడు నాకు తెలిసిపోయింది. రాట్నం తీసేసి, కాళ్లు నీళ్లలో పెట్టించి, అవ్వను మెట్ల మీద కూర్చోబెట్టాను. అరచేయంత మొహం. నేను వేసిన మొహాల్లో అంత సులువుగా వచ్చింది ఇంకోటి లేదు. చెయ్యి దానంతట అదే తిరిగింది.

అవ్వ వచ్చి చూసి మూతి తిప్పింది. "గిది నేనేనా? ముసల్దాన్ని చేసినవు గదరా, నీ పాడుగాను!"

"బొమ్మ ఏస్తె ఆయుష్షు గుంజుకోదా అవ్వా?"

"బొమ్మకేమైతదిరా, బొమ్మకు పానముంటదా?" అని రాట్నం దగ్గరికి వెళ్లిపోయింది. కాని ఆ పూట రెండు మూడుసార్లు వంకపెట్టుకుని దడి దగ్గరికి వచ్చిపోవడం నేను చూశాను.

పర్దాను వెదురుబొంగుకు చుట్టి బస్సు పైన వేసుకుని పెద్దపల్లి, అక్కడి నుంచి రైలు. కండక్టర్‌తో కొట్లాట సరేసరి, మనిషి కంటే ఎక్కువ చార్జీ అడిగాడు. రైలు గోదావరి దాటుతున్నప్పుడు తలుపు దగ్గర నిలబడ్డాను. అన్ని నీళ్లు నేను అదే మొదటిసారి చూడటం. అంతవరకు వాడకట్టు గోలెంలో చూసిన వెలుగుతోనే చెరువులు, సముద్రాలు వేసేవాణ్ణి. ఇసుకతిన్నెల మధ్య గోదావరి నా పర్దాలో లాగే పొగరంగులో పారుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బెల్లంపల్లిలో దిగేసరికి సాయంత్రం. ఇంటింటి ముందు బొగ్గు పొయ్యిలు ముట్టించారు. పొగ వీధిలో నడుముల దాకా పరుచుకుని ఉంది, బాయిలో పని ముగించి వస్తున్న మనుషులు అందులో ఈదుతున్నట్టు నడుస్తున్నారు. నా తోటలో జనం తిరిగితే ఇలాగే ఉంటుందని అనుకుంటూ స్టూడియో చేరాను.

పర్దా వేలాడదీయగానే యజమాని నన్ను కౌగిలించుకున్నాడు. ఇంటికి వచ్చాక పండుగ చేసుకున్నాం. రెండు వారాల తర్వాత కొత్త పనుల సంగతి మాట్లాడదామని మళ్లీ వెళ్లాను. కాళ్లు నేల మీద ఆనడం లేదు. పోయేసరికి పర్దా మూలన చుట్టి పడేసి ఉంది. ఒక పెద్దమనిషి, బాయిపని చేసేవాడని చేతుల మీది నల్ల గాట్లే చెబుతున్నాయి, బల్ల మీద ఫోటో పెట్టి అరుస్తున్నాడు.

"పెండ్లి ఫోటోల ముండమోపిని కూసోవెడ్తరా? నా బిడ్డ భుజం మీదికెంచి తొంగి సూస్తున్నది! మా వియ్యపురాలు ఫోటో విసిరికొట్టింది!"

ఫోటో చూశాను. పెండ్లికూతురు భుజం పక్కన మా అవ్వ. తల మీద తెల్ల కొంగు, ఉత్త చేతులు, తెల్లగా మెరుస్తున్న ఖాళీ నుదురు.  బొట్టు లేదు. బొట్టు వేయాలని నాకు తట్టనే లేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ నుదురు అలాగే ఉంది మరి. కళ్లు, ముక్కు, నోరు ఎలాగో, ఆ ఖాళీ కూడా అలాగే మా అవ్వ మొహం.

"నోరు మంచిగ రానియ్యి. ఆమె మా అవ్వ!" అని అరిచాను.

 ఆ పెద్దమనిషి నన్ను పైకి కిందికి చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "అయితె తప్పైంది తమ్మీ. మా అవ్వ సుత గట్లనే ఉంటది. మొన్న పెండ్లిల అర్రలకెల్లి బయటికి రాలే. నేను రమ్మనలే. నా బిడ్డ సంసారం, నాకు భయం గాదా?"

 యజమాని నన్ను పక్కకు తీసుకుపోయాడు. "ఊరంత తెల్సింది. గా పర్ద ముందల ఎవ్వలు నిలవడ్తలేరు. ఆమెను తుడిచి తెస్తె సరే. లేకుంటె వాపస్ తీస్కపో, మన నడుమ ఇగ లెక్కేం లేదు" అన్నాడు. వచ్చిన పనులన్నీ దానితోనే పోతాయని వేరే చెప్పనక్కర్లేదు. తిరుగు రైల్లో గోదావరి ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. సాంచెల్లో నా జాగాలో అప్పటికే ఇంకొకడున్నాడు.

మర్నాడు పర్దాను దడికి కట్టి సుద్ద కలిపాను. అవ్వ రాట్నం ఆపి, "గదెందుకు తుడుస్తున్నవురా? మంచిగనే ఉండె గద?" అంది. నేను మచ్చ పడిందని ఏదో గొణిగాను. అబద్ధం నాకు చేతకాదు. నా భార్యకు కడుపులో ఏదీ దాగదు. ఏడుస్తూ మొత్తం చెప్పేసింది.

అవ్వ చేతిలో పోగు అలాగే ఉంది.  ఎండ దడి మీంచి దిగి పర్దా మెట్ల మీద పడింది. ఆ మెట్లు ఎక్కడో నిజంగానే ఉన్నట్టు, ఆ నీళ్లలో నిజంగానే ఎండ కదులుతున్నట్టు అనిపించింది. అవ్వ లేచి వచ్చి పర్దా ముందు కూర్చుంది. ఆమె, ఆ బొమ్మ ఎదురెదురుగా. నాకు ఆమె మొహం చూసే ధైర్యం లేక సుద్ద కలుపుతూనే ఉన్నాను.

"తుడుసుడెందుకురా," అంది. "బొట్టు పెట్టరాదు?"

నేను కుంచె కింద పెట్టాను.

"పెట్టు. చేతులకు గాజులు ఎయ్యి. ఏమైతది? బొమ్మనే గద."

"ఎంత బొట్టు అవ్వా?" అని అడిగాను. నాకు నిజంగానే తెలియదు.

అవ్వ నవ్వింది. సిగ్గుపడిన నవ్వు. నేను ఆమె మొహంలో అంతకు ముందెన్నడూ అది చూడలేదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపింది. "గింత. మీ బాపు పరాచికాలాడుతుండె, పొద్దు పొడిసినట్టున్నదని. కొప్పుల పూలు ఎయ్యి, బంతిపూలు. కొంగు తలమీదికెంచి తియ్యి, నేను కప్పుకోకపోదును గప్పుడు. కాళ్లకు మట్టెలు ఎయ్యి."

"కాళ్లు నీళ్లల్ల ఉన్నయి గదా అవ్వా, కనవడయి."

"కనవడకపోతే కనవడకపాయె. ఎయ్యి!"

వేశాను. ముందు మట్టెలు వేసి, వాటి మీద నీళ్లు వేశాను. ఆమె చెప్పినట్టల్లా కొప్పు పెంచాను, గాజులు దట్టం చేశాను, కొంగు దించాను. మసితో నుదుట గుండ్రంగా బొట్టు దిద్దాను. అయిపోయాక చూస్తే మెట్ల మీద ఒక పడుచామె కూర్చుని ఉంది. మా బాపు చూసిన మనిషి. నేను పుట్టకముందు మా ఇంట్లో తిరిగిన మనిషి. ఆ రోజు వరకు నాకు ఆమె పరిచయం లేదు. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

పర్దా బెల్లంపల్లి పోయింది. అవ్వను తుడవలేదని యజమాని ముందు మండిపడ్డాడు, దగ్గరికి పోయి చూశాక మాట మార్చాడు. నిండు ముత్తైదువ మెట్ల మీద కూర్చుని పెండ్లికూతురిని చూస్తుంటే ఎవరు వద్దంటారు? పెండ్లిళ్ల కాలం అయ్యేసరికి జనం ఆ పర్దానే అడగడం మొదలుపెట్టారు. "గా ముత్తైదువ ఉన్న పర్ద ముందల తియ్యి, పిల్లకు మంచిగైతది" అనేవారట. అరిచిపోయిన ఆ పెద్దమనిషి కూడా కూతురిని, అల్లుడిని మళ్లీ తెచ్చి ఫోటో దింపించాడట. మంచిర్యాలకు ఒకటి వేశాను, కాగజ్‌నగర్‌కు ఒకటి, నిర్మల్‌కు, కరీంనగర్‌కు. నిర్మల్ అంటేనే రంగుల బొమ్మల ఊరు, అక్కడికి నా బూడిద పర్దా పోయిందంటే కాస్త గర్వపడ్డాను, తప్పేముంది! ప్రతి పర్దాలోనూ అవ్వ ఉండాల్సిందే. ఇంటి ముందు రేకుల కొట్టం వేసి దాన్నే కార్ఖానా అనుకున్నాం. గంజి పట్టించడం నా భార్య పని. బువ్వ పెడతాయా అని అడిగిన మనిషే, నా గీత వంకరపోతే ఇప్పుడు నన్ను తిట్టేది.

ఏ ఊరు పోయినా ఎవరింట్లోనో గోడ మీద కొత్త జంట, వాళ్ల పక్కన మా అవ్వ. ఇంటికి వచ్చి అవ్వకు చెప్పేవాణ్ణి. "పిల్ల ఎట్లున్నది? పిలగాడు మంచోడేనా?" అని ఆరాలు తీసేది. పెండ్లికి పోయివచ్చిన మనిషిలాగే అడిగేది. ఊళ్లో పెండ్లిళ్లలో మాత్రం ఎప్పట్లాగే వెనక వాకిట్లో బోళ్ల దగ్గర కూర్చునేది. రమ్మని నేను చెయ్యి పట్టి లాగినా వచ్చేది కాదు.

ఏళ్లు గడిచాయి. రంగు ఫోటోలు వచ్చాయి. బూడిద తోట ముందు పట్టుచీర కట్టిన మనిషి నిలబడితే ఆ చీరే బతికున్నట్టు, తోట చచ్చినట్టు ఉండేది. కొన్ని స్టూడియోలు నా పర్దాలు తీసేశాయి. బెల్లంపల్లి యజమాని మాత్రం అదే తోటను రంగుల్లో వేసిమ్మన్నాడు. అన్నేళ్లు కళ్లు సగం మూసి చూసినవాణ్ణి, మళ్లీ తెరిచాను. చెట్లకు పచ్చ పూశాను, నీళ్లకు నీలం పూశాను. చూపు మందగించిన అవ్వ నా పక్కన పీట వేసుకుని కూర్చుని, మెట్ల మీది పడుచామె చీరకు చిలకపచ్చ కావాలంది, బంతిపూలు పసుపువి కావాలంది, గాజులు ఎరుపువి కావాలంది. అన్నీ వేశాను.

చివరికి బొట్టు మిగిలింది. కుంచె పెట్టబుద్ధి కాలేదు. మూకుడులో ఎర్ర రంగు కలిపి ఉంగరం వేలు ముంచాను. ముంచి, పర్దా వైపు కాకుండా అవ్వ వైపు తిరిగాను. వాకిట్లో మేమిద్దరమే ఉన్నాం. ఎవరు చూడొచ్చారు? ఒక్క క్షణం పెట్టి తుడిచేయొచ్చు. ఒక్కసారి ఆ మొహం నా కళ్లతో చూసుకోవాలని నా ప్రాణం కొట్టుకుంది. వేలు నుదుటి దగ్గరికి తీసుకుపోయాను.

అవ్వ మొహం తిప్పుకోలేదు. కోప్పడలేదు. నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"నాకద్దు బిడ్డా," అంది. "ఆమెకు పెట్టు."

 అవ్వ నా మణికట్టు వదలకుండా, పీట మీంచి కాస్త ముందుకు వంగి, తడుముకుంటూ, నా వేలిని తనే తీసుకుపోయి ఆ పడుచామె నుదుటికి ఆనించింది.